పాడైన ఫోను అమ్మే ముందు
(బెంగళూరులో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

సెల్‌ఫోన్ భద్రత గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. అది చాలా విశాలమైన విషయం. గంటసేపట్లో అన్నిటినీ తడిమి ఏదీ సరిగా చెప్పకుండా ముగించడం కంటే ఒకే ఒక సందర్భాన్ని తీసుకుని దాని లోతు చూడడం మేలని వారికి మనవి చేశాను. ఆ సందర్భం మనలో చాలామందికి ఎదురైనదే. ఫోను చేతిలోంచి జారి డిస్‌ప్లే పోతుంది, లేదా నీళ్లలో పడి ఆగిపోతుంది, లేదా ఉన్నట్టుండి ఛార్జింగ్ ఎక్కడం మానేస్తుంది. బాగుచేయించే ఖర్చు వింటే కొత్తది కొనుక్కోవడమే నయమనిపిస్తుంది. పాతదాన్ని వచ్చినంతకు ఎవరికో ఒకరికి ఇచ్చేద్దామనుకుంటాం. పనిచేసే ఫోను అమ్మేటప్పుడు ఏం చేయాలో పదో తరగతి పిల్లలు కూడా చెబుతారు, సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాలని. తెరే వెలగనప్పుడు సెట్టింగ్స్‌లోకి వెళ్లేదెట్లా అన్న ప్రశ్నకు మాత్రం ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఎలాగూ పాడైందే కదా, ఇంక అందులోంచి ఎవరేం తీస్తారులే అనుకుని అలాగే ఇచ్చేస్తాం.

ముందుగా ఆ నమ్మకం సంగతి చూద్దాం. ఎస్.పి. రోడ్డు అని మనమందరం పిలిచే సాదర్ పత్రప్ప రోడ్డులోనైనా, మెజెస్టిక్ దగ్గరి నేషనల్ మార్కెట్‌లోనైనా, ఇంటి గుమ్మం దాకా వచ్చి తీసుకుపోయే ఎక్స్‌ఛేంజ్ పథకంలోనైనా, తెర పగిలిన ఫోనుకు ధర పలికేది ప్రధానంగా దాని మదర్‌బోర్డును, అంటే లోపలి ప్రధాన సర్క్యూట్ పలకను బట్టి. బోర్డు బాగుంటే దానికి మరో డిస్‌ప్లే తగిలించి, కొత్త బ్యాటరీ వేసి మళ్లీ అమ్మకానికి పెడతారు. మన దృష్టిలో పనికిరాకుండా పోయిన వస్తువు కొన్నవాడి బల్ల మీద సాయంత్రానికల్లా మళ్లీ వెలుగుతుంది. మన ఫొటోలు, సందేశాలు, బ్యాంకు యాప్‌లు అన్నీ ఉండేది ఆ బోర్డుకు అతికించిన మెమరీ చిప్‌లోనే. తెరలో ఏమీ ఉండదు. అంటే మనం పోయిందనుకున్న భాగంలో సమాచారం లేదు, సమాచారం ఉన్న భాగం పోలేదు.

ఆ చిప్‌లో సమాచారం ఎలా ఉంటుందో కొంత వివరంగా చెప్పాలి. ఆ సంగతి తెలియకపోవడం వల్లే ఒకపక్క అనవసర భయాలు, మరోపక్క అనవసర ధైర్యం పుట్టుకొచ్చాయి. పదేళ్ల కిందటి మాట వేరు. 2014లో అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ ఆన్‌లైన్‌లో 20 పాత ఫోన్లు కొని పరీక్షిస్తే, సమాచారం తుడిచేశామనే నమ్మకంతో వాటిని అమ్మిన వారికి చెందిన 40,000కు పైగా ఫొటోలు బయటపడ్డాయి. 2015లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన లారెంట్ సైమన్, రాస్ ఆండర్సన్ అయిదు కంపెనీల 21 ఆండ్రాయిడ్ ఫోన్ల మీద చేసిన పరిశోధన ఇంకా లోతుకు వెళ్లింది. ఆండ్రాయిడ్ 2.3 నుంచి 4.3 వరకు ఉన్న ఆ ఫోన్లలో రీసెట్ సరిగా జరగని వాటి నుంచి పాత సందేశాలే కాక, యజమాని గూగుల్ ఖాతాలోకి తిరిగి ప్రవేశించడానికి పనికివచ్చే టోకెన్లను కూడా వారు రాబట్టగలిగారు. "రీసెట్ కొట్టినా అన్నీ లాగేస్తారట" అని వాట్సాప్‌లో ఇప్పటికీ తిరిగే హెచ్చరికకు మూలం ఆ కాలపు ఫోన్లే.

ఆ తర్వాత పరిస్థితి మారింది. 2014లో వచ్చిన ఐఫోను సాఫ్ట్‌వేరు ఐఓఎస్ 8 నుంచి ఐఫోనులోని సమాచారంలో అధిక భాగం మన పాస్‌కోడ్‌తో ముడిపడిన ఎన్‌క్రిప్షన్ కిందికి, అంటే సమాచారాన్ని సంకేతాలుగా మార్చి తాళం వేసే పద్ధతి కిందికి వచ్చింది. ఆండ్రాయిడ్ వైపు, 2015 నాటి ఆండ్రాయిడ్ 6 తగిన సామర్థ్యం ఉన్న కొత్త ఫోన్లకు ఎన్‌క్రిప్షన్‌ను తప్పనిసరి చేస్తే, 2019 నాటి ఆండ్రాయిడ్ 10తో విడుదలయ్యే ఫోన్లలో చవక వాటికి కూడా మినహాయింపు లేకుండా పోయింది. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న ఫోన్లలో చాలావరకు ఆ తర్వాత వచ్చినవే కనుక, వాటి చిప్‌లో ఉన్నదంతా మామూలుగా చదవడానికి వీలులేని సంకేతాల రూపంలోనే ఉంటుంది. అది తెరుచుకోవడానికి బ్యాంకు లాకరుకు మాదిరిగానే రెండు తాళం చెవులు కావాలి. ఒకటి ప్రాసెసర్ లోపల బయటికి తీయడానికి వీల్లేకుండా అమర్చిన రహస్య సంఖ్య, రెండోది మనం కొట్టే పిన్ లేదా గీసే ప్యాటర్న్. రెండూ కలిస్తేనే అసలు తాళం చెవి తయారవుతుంది. అందుకే చిప్‌ను బోర్డు నుంచి ఊడదీసి మరో యంత్రంలో పెట్టి చదివినా అర్థంలేని అంకెల రాశి తప్ప ఏమీ కనిపించదు.

ఇలాంటి ఫోనులో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినప్పుడు జరిగేది ప్రధానంగా ఆ తాళం చెవిని నాశనం చేయడం. 256 జీబీ నిండుగా ఉన్న ఫోను కూడా కొద్ది నిమిషాల్లో ఖాళీ అయిపోవడానికి కారణం అదే. సమాచారాన్ని శాశ్వతంగా తొలగించడం గురించి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో సవరించి ప్రచురించిన మార్గదర్శకాలు ఈ పద్ధతిని ఆమోదయోగ్యంగానే గుర్తించాయి. రీసెట్ చేశాక ఫోనంతా పనికిరాని వీడియోలతో నింపి మళ్లీ రీసెట్ చేయమని కొందరు సలహా ఇస్తారు. ఇప్పటి ఫోనులో దానివల్ల ఒరిగేది పెద్దగా లేదు, పొద్దు గడవడం తప్ప. బీరువా అడుగున ఇంకా 2013, 2014 నాటి ఫోన్లు దాచుకున్నవారు మాత్రం వాటిని రీసెట్ చేసి కూడా అమ్మవద్దు. వాటికి వచ్చే డబ్బు ఎంతని?

కాబట్టి, సరిగా రీసెట్ చేసిన ఇటీవలి ఫోను గురించి దిగులు పడనవసరం లేదు. రీసెట్ చేయని ఫోను, పిన్ ఎవరికీ తెలియనంతవరకు, చాలామేరకు భద్రమే. రీసెట్ చేయకుండా, పిన్ కూడా చెప్పి ఇచ్చిన ఫోను మాత్రం లాకరుతోపాటు చెవి కూడా అప్పగించినట్టు. మన ఊళ్లో పాడైన ఫోన్లు చేతులు మారేది ఎక్కువగా ఈ మూడో పద్ధతిలోనే. అందుకని ఇక్కడ కాసేపు ఆగుతాను.

ఫోను బాగుచేయడానికి ఇస్తే దుకాణంలో కుర్రవాడు అడిగే మొదటి ప్రశ్న, "సార్, ప్యాటర్న్ ఏంటి?" అని. మనం చెబుతాం. అతను తొమ్మిది చుక్కలు పెట్టి ఆ గీతను చీటీ మీద గీసి, మన పేరూ నంబరూ రాసి, ఫోను వెనక అతికిస్తాడు. అందులో అతని దురుద్దేశం ఏమీ లేదు. పని పూర్తయ్యాక టచ్, కెమెరా, స్పీకర్ పనిచేస్తున్నాయో లేదో చూడాలంటే ఫోను తెరుచుకోవాలి. అంచనా చెప్పాక ఖర్చు ఎక్కువని మనం వద్దనుకుంటాం. "అయితే మాకే ఇచ్చేయండి సార్, ఇంత ఇస్తాం" అంటాడతను. సరేనంటాం. ఆ క్షణంలో ఫోనుతోపాటు చీటీ కూడా అమ్ముడవుతుంది. ఆ చీటీ సంగతి మనకు గుర్తుకు రాదు. గీతల ప్యాటర్న్‌లు మొత్తం 3,89,112 సాధ్యమని లెక్క ఉంది, నాలుగంకెల పిన్‌లు 10,000. తప్పు ప్రయత్నాలు పెరిగే కొద్దీ ఫోను వేచి ఉండే సమయాన్ని పెంచుతుంది కనుక వాటన్నిటినీ వరసగా ప్రయత్నించి చూడడం అంత సులభం కాదు. చీటీ ఉన్నవాడికి ఆ శ్రమే లేదు. దీనికి తోడు మనలో చాలామంది ఫోనుకు, యూపీఐకి, ఏటీఎం కార్డుకు ఒకే పిన్ పెట్టుకుంటాం. యూపీఐ పిన్‌ను ఫోను తనలో దాచుకోదన్న మాట నిజమే, కానీ అదే నంబరు చీటీ మీద ఉన్నప్పుడు ఆ ఏర్పాటు వల్ల ప్రయోజనం ఏముంది?

దుకాణాల వారందరినీ అనుమానించమని నేను అనడం లేదు. అయితే మనిషికి కుతూహలం సహజం. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో వెల్లడించిన అధ్యయనంలో, చిన్న లోపంతో ఉన్న ల్యాప్‌టాప్‌లను 16 మరమ్మతు కేంద్రాలకు ఇచ్చి, లోపల ఏం జరుగుతోందో రహస్యంగా నమోదు చేశారు. ఆరు చోట్ల సాంకేతిక సిబ్బంది యజమాని వ్యక్తిగత సమాచారాన్ని చూశారు. వారిలో ఇద్దరు దాన్ని సొంత పరికరాల్లోకి నకలు చేసుకున్నారు. అక్కడి సంగతి ఇక్కడికి అచ్చంగా వర్తిస్తుందని చెప్పలేం గానీ, పని చేయడానికి పిన్ అవసరం లేనప్పుడు కూడా అడగడం అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. బాగుచేయించడానికే ఇస్తున్నట్లయితే శామ్‌సంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్, గూగుల్ పిక్సెల్‌లో రిపేర్ మోడ్ అనే ఏర్పాట్లు ఉన్నాయి. వాటిని ఆన్ చేసి ఇస్తే మెకానిక్కు ఫోను ఖాళీగా కనిపిస్తుంది, మన సమాచారం తెర వెనకే ఉంటుంది. టచ్ పనిచేస్తున్నప్పుడు మాత్రమే వీటిని ఆన్ చేయగలం. వాటి పరిమితి అది.

ఇక అసలు చిక్కుముడికి వద్దాం. పాడైన ఫోన్లన్నీ ఒకేలా పాడవవు. పైగాజు పగిలి టచ్ ఇంకా పనిచేస్తుంటే అది మామూలు ఫోనే, రీసెట్ కొట్టి ఇచ్చేయవచ్చు. వేలికి గాజుపెంకు గుచ్చుకోకుండా పైన పారదర్శకమైన టేపు అతికించుకుంటే చాలు. బొమ్మ కనిపిస్తూ టచ్ మాత్రమే చచ్చిపోయిన ఆండ్రాయిడ్ ఫోనుకు కూడా మార్గం తేలికే. చవకగా దొరికే ఓటీజీ కేబులు కొని ఇంట్లో కంప్యూటరు మౌస్‌ను ఫోనుకు తగిలిస్తే తెర మీద బాణం గుర్తు ప్రత్యక్షమవుతుంది. దానితో ప్యాటర్న్ గీయవచ్చు, సెట్టింగ్స్ తెరవవచ్చు, ముఖ్యమైనవి బ్యాకప్ చేసుకోవచ్చు, చివరికి రీసెట్ కూడా కొట్టవచ్చు. ఐఫోనులో ఈ ఉపాయం నమ్మదగింది కాదు. కొంతసేపు లాక్ అయి ఉన్నాక అది పాస్‌కోడ్ లేకుండా కేబులు ద్వారా వచ్చే పరికరాలను దగ్గరకు రానివ్వదు.

తెర పూర్తిగా నల్లబడి, ఫోను మాత్రం లోపల బతికే ఉన్న స్థితి అన్నిటికంటే కష్టమైనది. కాల్ చేస్తే మోగుతుంది, అలారం కూస్తుంది, ఛార్జింగ్ పెడితే చిన్నగా వణుకుతుంది, కానీ ఏమీ కనిపించదు. ఐఫోను అయితే ఈ స్థితిలో కూడా కంప్యూటరు మనకు సాయం చేస్తుంది. కేబులుతో మ్యాక్‌కు గాని, ఐట్యూన్స్ వంటి యాపిల్ సాఫ్ట్‌వేరు ఉన్న విండోస్ కంప్యూటరుకు గాని కలిపి, పక్కనున్న బటన్ల వరసతో రికవరీ మోడ్‌లోకి తీసుకువెళితే, చూడవలసిన తెర కంప్యూటరుదే కనుక ఫోను తెర అవసరం రాదు. అక్కడ రీస్టోర్ నొక్కితే పాస్‌కోడ్ అడగకుండానే అంతా చెరిగిపోతుంది. ఆండ్రాయిడ్‌లో రికవరీ మెనూ ఫోను తెర మీదే కనిపిస్తుంది కనుక కళ్లకు గంతలు కట్టుకుని బటన్లు నొక్కే పని పెట్టుకోవద్దు. శామ్‌సంగ్ ఎస్ శ్రేణి వంటి ఖరీదైన ఫోన్లకు తగిన కేబులు వేసి టీవీలో బొమ్మ చూడవచ్చు, సాధారణ ధరలో దొరికే ఫోన్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు.

ఇక మిగిలేది దూరం నుంచి తుడిచేయడం. ఆండ్రాయిడ్‌కు గూగుల్ వారి ఫైండ్ హబ్, ఐఫోనుకు ఫైండ్ మై. పోయిన ఫోను కోసం పెట్టిన ఈ ఏర్పాట్లు పాడైన ఫోనుకు కూడా పనికివస్తాయి. కొత్త ఫోను నుంచో, ఇంట్లోవారి కంప్యూటరు నుంచో మన ఖాతాలోకి వెళ్లి, పాత ఫోనును ఎంచుకుని, ఎరేజ్ అని ఆదేశిస్తే చాలు. చెప్పడానికి ఇంత సులభమైన పని ఆచరణలో చాలామందికి కుదరదు, కారణం వరస తప్పడం. కొత్త ఫోను రాగానే మనం చేసే మొదటి పని పాతదాంట్లోంచి సిమ్ తీసి కొత్తదాంట్లో వేయడం. దాంతో పాత ఫోనుకు ఇంటర్నెట్ తెగిపోతుంది. ఇంటర్నెట్ లేని ఫోనుకు ఎరేజ్ ఆదేశం చేరదు. ఆ ఆదేశం అలాగే కాచుకుని కూర్చుంటుంది, మనం పని అయిపోయిందనుకుని ఫోను అమ్మేస్తాం. ఇంట్లో వైఫైకి ఆ ఫోను ముందు నుంచీ అలవాటుపడి ఉంటే సిమ్ తీసినా ఫరవాలేదు, దాన్ని ఇంట్లోనే ఛార్జింగ్‌లో ఉంచి పని పూర్తి చేయవచ్చు. ఐఫోను విషయంలో ఇక్కడ ఒక చిక్కు ఉంది. మధ్యలో ఆగిపోయి మళ్లీ ఆన్ అయినట్లయితే, పాస్‌కోడ్ ఒక్కసారైనా కొట్టేదాకా అది వైఫైని అందుకోదు. అప్పుడు సిమ్ దానిలోనే ఉండాలి, లేదా ఇందాక చెప్పిన కంప్యూటరు దారి పట్టాలి.

రెండో అడ్డంకి మరీ విచిత్రమైనది. కొత్త పరికరంలో గూగుల్ ఖాతా తెరవబోతే, "మీ ఫోనుకు ఒక సందేశం పంపాం, అవును అని నొక్కండి" అంటుంది. ఆ సందేశం వెళ్లేది నల్లబడ్డ తెర మీదికే. అటువంటప్పుడు వేరే పద్ధతి ఎంచుకునే వీలు అక్కడే ఉంటుంది, ఎస్సెమ్మెస్ కోడ్‌గాని, గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లోంచి ముందే రాసిపెట్టుకున్న బ్యాకప్ కోడ్‌లుగాని వాడవచ్చు. ఆ బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి ఇంట్లో దాచుకున్నవారు నాకు అరుదుగా తారసపడ్డారు. ఫోను బాగున్న ఈ రోజే ఆ పని చేసుకోండి. యాపిల్ ఈ ఇబ్బందిని ముందే ఊహించినట్టుంది, ఐక్లౌడ్ వెబ్‌సైటులో ఫైండ్ డివైసెస్ భాగానికి మాత్రం రెండో ధ్రువీకరణ లేకుండా పాస్‌వర్డ్‌తోనే వెళ్లనిస్తుంది.

ఇవన్నీ విని తలనొప్పి అనిపించినవారికి ఒక మాట. నా అభిప్రాయంలో మామూలు కుటుంబానికి అన్నిటికంటే సులువైన దారి మరమ్మతు దుకాణంలోనే ఉంది. నల్లబడిన ఫోనుకు పరీక్ష కోసం ఉంచుకున్న డిస్‌ప్లేను కాసేపు తగిలించమని అడగండి. అందుకు తీసుకునే రుసుము ఇచ్చేయండి. తెర వెలిగాక పిన్ మీరే కొట్టండి, బ్యాకప్ మీరే తీసుకోండి, ఖాతా మీరే తొలగించండి, రీసెట్ మీరే నొక్కండి. "ప్యాటర్న్ చెప్పండి, మేము చేసిపెడతాం" అంటే మర్యాదగా వద్దనండి. అరగంట నిలబడడం తప్ప ఇందులో కష్టమేమీ లేదు.

ఖాతా తొలగించడం అన్నాను కదా, అది రీసెట్‌కు ముందే ఎందుకు చేయాలో కూడా చెబుతాను. దొంగలకు ఉపయోగపడకుండా ఉండాలని యాపిల్ 2013లో యాక్టివేషన్ లాక్‌ను, గూగుల్ 2015లో ఆండ్రాయిడ్ 5.1తో ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్‌ను తెచ్చాయి. ఖాతా తీయకుండా రికవరీ నుంచో, దూరం నుంచో తుడిచిన ఫోను మళ్లీ ఆన్ అయినప్పుడు పాత యజమాని పాస్‌వర్డ్ అడుగుతుంది. కొన్నవాడు వారం తర్వాత ఫోన్ చేసి, "అన్నా, జీమెయిల్ పాస్‌వర్డ్ పంపండి, లాక్ తీసుకుంటాం" అంటాడు. అతని ఇబ్బంది నిజమే, కానీ పాస్‌వర్డ్ పంపితే ఫోనులో తుడిచినదంతా ఖాతా రూపంలో మళ్లీ అతని చేతిలో పెట్టినట్టవుతుంది. ఐఫోను అయితే దూరం నుంచే మన ఖాతాలోంచి ఆ పరికరాన్ని తీసివేస్తే లాక్ పోతుంది, అయితే ఎరేజ్ పూర్తయ్యాకే ఆ పని చేయాలి, ముందు కాదు. ఆండ్రాయిడ్ అయితే మీరే వెళ్లి స్వయంగా పాస్‌వర్డ్ కొట్టి, ఖాతా తీసి రావడం ఉత్తమం.

రీసెట్ అందుకోలేని చోట్లు కూడా కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది మెమరీ కార్డు. ఫోనులోని చిప్ ఎన్‌క్రిప్షన్‌లో ఉన్నా, పక్కన దూర్చిన మైక్రో ఎస్‌డీ కార్డు సాధారణంగా అలా ఉండదు. దాన్ని తీసి ఏ కంప్యూటరులో పెట్టినా ఫొటోలు తెరుచుకుంటాయి, డిలీట్ చేసినవి కూడా మామూలు సాఫ్ట్‌వేరుతో తిరిగి వస్తాయి. అది అమ్మకంలో భాగం కాదు. తీసి మీ దగ్గరే ఉంచుకోండి, అక్కరలేకపోతే కత్తెరతో రెండు ముక్కలు చేయండి. సిమ్ సంగతి అందరికీ తెలిసిందే. ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోనులోనే ఉండే సిమ్ వాడేవారు మాత్రం ఫోను తుడవకముందే దాన్ని కొత్త ఫోనులోకి మార్పించుకోవాలి, లేకపోతే ఓటీపీలు రావడం ఆగి కంపెనీ వారి చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఖాతాల్లోకి వెళ్లడానికి కోడ్‌లు చూపే అథెంటికేటర్ యాప్ వాడేవారికి కూడా అదే హెచ్చరిక.

ఇప్పుడు ప్రాణమే లేని ఫోను సంగతి. ఛార్జరు పెట్టినా, బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. రీసెట్ సాధ్యం కాదు, దూరం నుంచి ఆదేశమూ చేరదు. అయితే బోర్డులో ఒక చిన్న భాగం కాలిపోయి ఉండవచ్చు, దాన్ని మార్చగల పనితనం ఉన్నవారు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. అప్పుడది మన సమాచారంతో సహా లేచి కూర్చుంటుంది. మన పిన్ ఎవరికీ తెలియకపోతే అంత భయం లేదు. పుట్టిన సంవత్సరమో, 1234 అన్నదో పిన్‌గా ఉన్నవారికి, అసలు లాకే పెట్టుకోని పెద్దవారికి మాత్రం భయం ఉంది. లాక్ పెట్టని ఫోనులో ఎన్‌క్రిప్షన్ ఉన్నా ఏం లాభం, తెర వెలగగానే అంతా కనిపిస్తుంది. అందుకే చచ్చిన ఫోను విషయంలో నా సలహా ఖండితంగా ఉంటుంది. అమ్మవద్దు. లేదా బోర్డు విప్పించి మీ దగ్గర ఉంచుకుని మిగతాది అమ్మండి. బోర్డు లేని ఫోనుకు ఎవరూ పెద్దగా ఇవ్వరు, ఆ ఇవ్వకపోవడమే బోర్డు విలువ ఎంతో చెబుతోంది. ఇచ్చే తీరాలనుకుంటే కనీసం గూగుల్, యాపిల్ ఖాతాల్లోని పరికరాల జాబితాకు వెళ్లి ఆ ఫోనును సైన్ అవుట్ చేయండి, పాస్‌వర్డ్ మార్చండి, వాట్సాప్‌ను, యూపీఐ యాప్‌లను అదే నంబరుతో కొత్త ఫోనులో నమోదు చేసుకోండి. అప్పుడు ఖాతాలకైనా తలుపులు మూసినట్టవుతుంది. గ్యాలరీలో ఉన్న ఫొటోలకు మాత్రం ఈ జాగ్రత్తలేవీ వర్తించవు.

గ్యాలరీ అనగానే మనకు గుర్తొచ్చేది మన ఫొటోలే. బెంగళూరులో ఇల్లు అద్దెకు ఇచ్చే పెద్దవారు ఒకసారి తమ వాట్సాప్ తెరిచి చూసుకోండి. ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, ఆఫీసు ఐడీలు, అద్దె ఒప్పందాలు, గత అయిదారేళ్లలో వచ్చి వెళ్లిన కుర్రవాళ్లందరివీ అందులో ఉంటాయి. పనిమనిషి ఆధార్, పక్కింటివారి మెడికల్ రిపోర్టు, మనవరాలి స్కూలు ఐడీ కూడా. ఫోను మనదే అయినా అందులోని గుట్టు అందరిదీ. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పిన కేసును 2012లో వేసిన దివంగత జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి, మన బెంగళూరు వాసి. ఆ తీర్పు వేసిన బాటలోనే 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అయితే వ్యక్తులు తమ సొంత, గృహ అవసరాల కోసం వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదు. పనిమనిషి ఆధార్ మన పాత ఫోనులోంచి బయటికి పోతే, ఆ చట్టం కింద ఆమెకు మనపై దారి లేదు. కాబట్టి ఆ బాధ్యతను మనమే నెత్తిన వేసుకోవాలి.

అమ్మకం వద్దనుకున్నవారు సుత్తితో కొట్టి పారేద్దామనుకుంటారు. బ్యాటరీ తీయకుండా ఆ పని చేయవద్దు, లిథియం బ్యాటరీకి దెబ్బ తగిలితే మంట లేస్తుంది. ఉబ్బిన బ్యాటరీ అయితే విప్పే ప్రయత్నం కూడా వద్దు. ఈ-వ్యర్థాలను అధీకృత రీసైక్లర్లకే ఇవ్వాలని చెప్పే 2022 నాటి నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. తుమకూరు రోడ్డులో దాబస్‌పేట వద్ద ఉన్న ఈ-పరిసర వంటి కేంద్రాలు బెంగళూరుకు దగ్గరలోనే చాలా కాలంగా పనిచేస్తున్నాయి. అపార్ట్‌మెంటు సంఘాలు కలిసి పాత ఫోన్లు పోగుచేసి అటువంటి చోటికి పంపవచ్చు. బోర్డులను ముక్కలు చేసినట్టు ధ్రువపత్రం అడిగి తీసుకోండి.

చివరగా, సమాచారంతో సంబంధం లేకుండా ఫోనుకే ఉండే గుర్తింపు గురించి. ప్రతి ఫోనుకు 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య ఉంటుంది, రీసెట్‌తో అది మారదు. మన ఊళ్లలో పాత ఫోన్లు తీసుకుని ప్లాస్టిక్ డబ్బాలు, బకెట్లు ఇచ్చేవారు వీధుల్లో తిరగడం మీరు చూసే ఉంటారు. 2024 ఆగస్టులో రామగుండం పోలీసులు అలా సేకరించిన సుమారు 4,000 పాత ఫోన్లను పట్టుకున్నారు. అవి సైబర్ నేరగాళ్ల కోసం ఉత్తరాదికి తరలుతున్నాయని చెప్పారు. ఆ ఫోన్లలో చాలావాటికి తెర కూడా పనిచేయకపోవచ్చు, వారికి కావలసింది బోర్డు. అటువంటి బోర్డుతో ఎవరో నేరం చేస్తే, ఐఎంఈఐ వెంట వెతుక్కుంటూ వచ్చే పోలీసులు మొదట తట్టేది దాన్ని గతంలో వాడిన వారి తలుపు.

అందుకని, పాత ఫోను ఎంత తక్కువకు అమ్మినా ఒక రసీదు రాయించుకోండి. అమ్మిన తేదీ, ఐఎంఈఐ, ఫోను ఉన్న స్థితి, కొన్నవారి పేరు, సంతకం అందులో ఉండాలి. వెలిగే ఫోనులో *#06# కొడితే ఆ సంఖ్య కనిపిస్తుంది, వెలగనిదానికి కొన్నప్పటి బిల్లు మీదో డబ్బా మీదో ఉంటుంది. కొన్ని దుకాణాల వారు దొంగ ఫోను కాదని నిర్ధారించుకోవడానికి మీ ఆధార్ నకలు అడుగుతారు. అడగడం తప్పు కాదు. అప్పుడు పూర్తి కార్డు ఇవ్వకుండా, చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ వెబ్‌సైటు నుంచి తీసుకుని, దాని మీద అడ్డంగా "ఫలానా ఫోను అమ్మకం కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేసి ఇవ్వండి.

మీ ఫోను మోడలును బట్టి సందేహాలుంటే ఇప్పుడు అడగవచ్చు.